కాళ్ళు పట్టుకునే విద్య

మొన్న దసరాకి బూజులు దులుపుతూ మా ఆవిడ అటక మీంచి ట్రంకు పెట్టె దించింది. "ఏవండీ, ఇందులో ఏదో కంపు కొడుతోంది, చూసి పారేయండి" అంది. కంపు కొట్టేది నా మొదటి జూడోగి, అంటే జూడో ఆడేటప్పుడు వేసుకునే చొక్కా. తెల్లటి గుడ్డ పాత పేపరు రంగుకి తిరిగింది. కాలరు అట్టలా బిగుసుకుపోయింది. ఎడమ రొమ్ము మీద ఒక జేబు.

అవును, జేబే. జూడో ఆడినవాళ్ళెవరైనా చూస్తే పడీపడీ నవ్వుతారు. అవతలివాడు పట్టుకుని లాగడానికే కుట్టించుకునే చొక్కాకి జేబేమిటి? 1986లో తెనాలిలో నాకు తెలిసినవాళ్ళెవరూ అలాంటి చొక్కా చూసింది లేదు. మా సారు కాగితం మీద గీసిచ్చిన బొమ్మా, తెల్ల డ్రిల్లు గుడ్డా పట్టుకుని టైలరు దగ్గరికి వెళ్ళాను. గుండీలు వద్దన్నాను, సరేనన్నాడు. కాలరు నాలుగు మడతలు వేసి మధ్యలో కాన్వాసు పెట్టమన్నాను, సూదులు విరుగుతాయని గొణిగి ఒప్పుకున్నాడు. జేబు వద్దంటే మాత్రం వినలేదు. "జేబు లేని చొక్కా ఏంటి అబ్బాయ్, బస్సు డబ్బులు ఎక్కడ పెట్టుకుంటావ్?" అని కుట్టేశాడు. మొదటి రోజే ఒకడి వేళ్ళు అందులో ఇరుక్కుని జేబు సగం ఊడొచ్చింది. కొత్త చొక్కా చినిగిందని అమ్మ రాత్రికి రాత్రే కుట్టింది. మళ్ళీ ఊడింది, మళ్ళీ కుట్టింది. ఇప్పుడు చూస్తే ఆ జేబు చుట్టూ తెల్ల దారం, లేత నీలం దారం, ఒక మూల ఎర్ర దారం. ఎర్రది వేసిన రోజు ఇంట్లో వేరే దారం లేదేమో. జేబు పీకేస్తే గొడవ వదిలిపోయేదని అమ్మకీ తోచలేదు, నాకూ తోచలేదు.

అసలు జూడోలోకి నేనై వెళ్ళలేదు, ఊక బస్తాలతో పాటు పంపించారు. మా నాన్న రైసు మిల్లులో గుమాస్తా. ఒకరోజు మెడ అనేదే లేకుండా భుజాల మీద తల పెట్టినట్టుండే ఒక పొట్టి మనిషి మిల్లుకొచ్చి ఊక కావాలన్నాడట. ఇటుక బట్టీకా అంటే, కాదండీ, పిల్లల్ని పడెయ్యడానికి అన్నాడట. విషయం అర్థమయ్యాక నాన్న పన్నెండు బస్తాలు ఇప్పించి, "మావాడొకడున్నాడు. చెడుగుడు అంటూ రోజూ మోకాళ్ళు చెక్కుకుని వస్తాడు. వాణ్ణి కూడా ఆ ఊక మీద పడేయండి, కాస్త మెత్తగా ఉంటుంది" అన్నాడు.

ఆ పొట్టి మనిషే మా సారు. హైదరాబాదులో ఆట నేర్చుకుని, ఆడే వయసు అయిపోయాక మా ఊరొచ్చారు. స్కూలు వెనక రేకుల షెడ్డు ఒకటి ఇచ్చారు. అందులో జానెడు మందాన ఊక పరిచి, పైన గోనె పట్టాలు కుట్టి, వాటి మీద టార్పాలిన్ బిగలాగి చుట్టూ మేకులు కొట్టాం. అదే మా తాతామి, జూడో ఆడే చాప. వారం తిరిగేసరికి ఊకంతా అంచులకి జరిగి మధ్యలో నేల తగిలేది. ఆదివారం పొద్దున్నే మేకులు పీకి, ఊక సర్ది, మళ్ళీ కొట్టాలి. వానాకాలంలో మగ్గిన వాసన. ఎలుకలు సరేసరి. ఒకసారి ఒకణ్ణి పడేస్తే టార్పాలిన్ కింద నుంచి ఎలుక పరుగు తీసింది. పడ్డవాడికంటే పడేసినవాడు ఎక్కువ భయపడ్డాడు. ప్రాక్టీసు అయ్యాక ఒళ్ళంతా దురద. ఇంటికెళ్తే అమ్మ గుమ్మంలోనే ఆపి, బావి దగ్గరికి పొమ్మనేది.

మొదటి మూడు వారాలు పడటమే నేర్పించారు. ఉకెమి. వెనక్కి పడు, పక్కకి పడు, గడ్డం రొమ్ముకి ఆనించు, అరచెయ్యి చాచి నేలని ఫట్‌మని కొట్టు. "వాడెవడో ఎత్తి కుదేస్తే పడటం నేర్చుకోడానికి తెల్లారగట్ల నాలుగింటికి లేవాలా?" అని అమ్మ సాధింపు. నాకూ అలాగే ఉండేది. చెడుగుడులో ఎవడూ పడటం నేర్పడు, పడతాం అంతే.

మూడు వారాలయ్యాక మొదటిసారి రాందోరికి, అంటే ప్రాక్టీసు కుస్తీకి, దింపారు. అవతల నాకంటే రెండేళ్ళు పెద్దవాడు. కాలరు పట్టుకోవడానికి చెయ్యి చాపాడు. నాకు కాలరూ తెలీదు, చేతి పట్టూ తెలీదు. కూత కొచ్చినవాణ్ణి పట్టినట్టు వంగి, వాడి రెండు కాళ్ళూ మోకాళ్ళ వెనక నుంచి చుట్టేసి, భుజంతో పొట్టలో ఒక్క తోపు తోశాను. వాడు వెల్లకిలా పడ్డాడు. నేను భయంగా సారు వంక చూశాను, తప్పు చేశాననుకుని. ఆయన కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. "దానికి పేరుందిరా. మొరోతె గారి. మొరోతె అంటే రెండు చేతులు, గారి అంటే కోత. మీ వాళ్ళు కొడవలితో కోస్తారు, నువ్వు చేతుల్తో కొయ్యి."

అలా నాకు ఒక విద్య దొరికింది. షెడ్డులో నా పేరు పోయి 'కాళ్ళు పట్టుకునేవాడు' అయ్యింది. "వీడికి సిగ్గు లేదండీ, ఎవరి కాళ్ళైనా పట్టుకుంటాడు" అని సారే చెప్పేవారు వచ్చినవాళ్ళకి.

సారు కబుర్లు కూడా చెప్పేవారు, టార్పాలిన్ మీద చెమట ఆరేదాకా. జిగోరో కానో అనే మాస్టారు 1882లో టోక్యోలో ఒక గుడిలో, పన్నెండు చాపల జాగాలో, వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది శిష్యులతో ఈ ఆట మొదలుపెట్టాడట. మన షెడ్డు అంతకంటే పెద్దదేరా అనేవారు. 1929లోనే తకగాకి అనే జపాను గురువు టాగోర్ పిలిస్తే శాంతినికేతన్ వచ్చి నేర్పాడని, 1966లో మన దేశంలో మొదటి జాతీయ పోటీలు జరిగింది హైదరాబాదులోనేనని చెప్పేటప్పుడు ఆయన లేని మెడ కొంచెం పైకి లేచేది. నేను చేరిన ఏడాదే సియోల్ ఆసియా క్రీడల్లో జూడో పెట్టారు, మనవాళ్ళు నాలుగు కాంస్యాలు తెచ్చారు. ఆ రోజు సారు షెడ్డులో అందరికీ మైసూరుపాకు పంచారు. ఊక అంటుకున్న మైసూరుపాకు.

నేను ఆడింది 65 కేజీల్లో. ఇంటి తిండి తింటే 69 ఉండేవాణ్ణి. ఆ నాలుగు కేజీల కథ రాస్తే రామాయణమవుతుంది. తూకానికి రెండు రోజుల ముందు నుంచి నీళ్ళు బంద్. ఎండలో రెయిన్‌కోటు వేసుకుని పరుగు. నోట్లో చింతగింజ పెట్టుకుని ఊరిన ఉమ్మంతా ఊసెయ్యడం. ఓసారి పోటీ సరిగ్గా సంక్రాంతి ముందు పడింది. ఇల్లంతా అరిసెల పాకం వాసన. నేను వీధి అరుగు మీద, చెవుల్లో కాదు, ముక్కులో దూది పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ నాకు చెప్పకుండా బ్యాగులో బట్టల మధ్య నాలుగు అరిసెలు పేపర్లో చుట్టి పెట్టింది. తూకంలో సరిగ్గా 65 తేలాక, బయట మెట్ల మీద కూర్చుని నాలుగూ ఒక్కసారే తినేసి, మొదటి రౌండులో కడుపు పట్టేసి ఓడిపోయాను. అమ్మకి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

అప్పట్లో ఇద్దరూ తెల్ల బట్టలే. ఎవడు ఎవడో తెలియడానికి ఒకడు ఎర్ర పట్టీ కట్టుకోవాలి. నీలం రంగు తర్వాత వచ్చింది. కోకా, యుకో, వాజారి, ఇప్పన్ అని నాలుగు మెట్లు ఉండేవి మార్కులకి. ఇప్పన్ పడితే ఆట అక్కడికక్కడే గెలిచినట్టు. నాకు మెట్లతో పని లేదు. కాళ్ళు దొరికితే ఇప్పన్, దొరక్కపోతే ఇంటికి. ఆ ఒక్క పట్టుతోనే జిల్లా, రాష్ట్రం దాటి జాతీయ పోటీల్లో ఒక కంచు పతకం దాకా వెళ్ళాను. దానికి మించి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఇప్పుడు కోచ్‌గా చూస్తే పది నిమిషాల్లో చెప్తాను. రెండోసారి ఎదురుపడినవాడు నడుము వెనక్కి పెట్టి, నా మెడ కిందికి నొక్కి నిలబడేవాడు. నా దగ్గర రెండో బాణం లేదు.

1997లో అదీ అయిపోయింది. ఒక పోటీలో మ్యాట్లు సరిగా కలపలేదు. రెండింటి మధ్య బొటనవేలు పట్టేంత సందు. నేను వంగి దూకేటప్పుడు కుడి కాలి వేలు అందులో దిగింది, ఒళ్ళు ముందుకెళ్ళింది, మోకాలు అక్కడే ఉండిపోయింది. టప్‌మని శబ్దం, తడి కట్టె విరిగినట్టు. నా ఎదుటివాడికి కూడా వినిపించిందట. ఆ మరుసటి ఏడాదే బరువుల తరగతులు మార్చారు. 65 పోయి 66 అయ్యింది. పదేళ్ళు కడుపు మాడ్చుకున్న ఆ ఒక్క కేజీ, నేను మానేశాక ఇచ్చారు.

కట్టు విప్పాక సారు ఇంటికొచ్చి, "పటియాలా వెళ్ళరా" అన్నారు. 1999లో అమ్మ గోంగూర పచ్చడి సీసా చేతికిచ్చింది, నాన్న విజయవాడలో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కించాడు. ఢిల్లీలో దిగి, అంబాలా మీదుగా పటియాలా. పాత మోతీబాగ్ రాజమహల్లో ఉంటుంది మన జాతీయ క్రీడా సంస్థ. రేకుల షెడ్డు నుంచి రాజమహల్లోకి. డిసెంబరులో పొగమంచుకి పక్క మంచం కనపడేది కాదు. నా గదిలో మణిపూర్ అబ్బాయి. వాడు ఎండుచేపల ముద్ద ఏదో తెచ్చుకున్నాడు, నేను గోంగూర. మేమిద్దరం మూతలు తీస్తే మెస్సులో మా బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. వాడికి గోంగూర ఎంత నచ్చిందంటే సీసా నెల తిరక్కుండా ఖాళీ. ఆ మరుసటి ఏడాది వాళ్ళ మణిపూర్ అమ్మాయి బ్రోజేశ్వరి దేవి సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్తే, తనే వెళ్ళినంత సంబరపడుతూ నాకు ఉత్తరం రాశాడు.

పటియాలాలో నేను నేర్చుకున్న మొదటి పాఠం, నాకు జూడో రాదని. క్లాసులో ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి, ఈ పట్టు కుడివైపు వేసి చూపించు, ఎడమవైపు వేసి చూపించు, ఎక్కడ తూకం తప్పుతుందో నోటితో చెప్పు అనేవారు. నాకు చేతులు తెలుసు, మాట తెలీదు. ఉచిమాత వెయ్యమంటే, అంటే వీపు తిప్పి, కాలు అవతలివాడి తొడల మధ్య నుంచి పైకి ఊడ్చాలి, ఒంటికాలి మీద కొంగలా నిలబడి నేనే పడ్డాను. అది కూడా బాగున్న మోకాలి మీద.

అక్కడ ఒక పెద్దాయన చెప్పిన కథ ఒకటి మాత్రం ఇప్పటికీ నా పిల్లలకి చెప్తుంటాను. 1964, టోక్యో. జూడోని ఒలింపిక్స్‌లో పెట్టింది అప్పుడే, సొంతగడ్డ మీద. ఓపెన్ విభాగం ఫైనల్లో జపాను ఆటగాడు కామినాగ, ఎదురుగా డచ్చి మనిషి ఆంటన్ హేసింక్, ఆరున్నర అడుగుల భారీ ఆకారం. తొమ్మిది నిమిషాలు దాటాక హేసింక్ అతణ్ణి కేసా గతమేలో నొక్కి పట్టి గెలిచాడు. హాలంతా నిశ్శబ్దం. డచ్చివాళ్ళు కొందరు సంబరంతో మ్యాటు మీదికి పరిగెత్తబోతే, హేసింక్ కింద ఉన్నవాణ్ణి పూర్తిగా వదలకముందే చెయ్యెత్తి ఆగమన్నాడు. ముందు వంగి నమస్కారం, ఆ తర్వాతే పండగ. ఇది చెప్పినప్పుడల్లా పిల్లలు అడిగేది ఒకటే: "సార్, ఆయన బరువెంత?"

తిరిగొచ్చి కోచ్‌నయ్యాను. జీతం ఎంతో రాయను, ఎప్పుడొచ్చేదో అసలే రాయను. "కరాటేనా సార్? ఇటుకలు పగలగొట్టిస్తారా?" అని తల్లిదండ్రులు. కాదండీ జూడో అంటే, "రెండూ ఒకటేగా" అని సర్దుకునేవారు. ఆ వెంటనే రెండో ప్రశ్న, "సర్టిఫికెట్‌కి స్పోర్ట్స్ కోటా సీటొస్తుందా?" వాళ్ళని తప్పు పట్టను, ఫీజులు అలా ఉన్నాయి. ఫోము మ్యాట్ల కోసం నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాను. నా విద్య అక్కడ బాగా పనికొచ్చింది. ఎవరి కాళ్ళు పట్టుకోలేదని? చివరికి వచ్చాయి. వచ్చిన రోజు చివరి ఊక బస్తా నేనే బయట పోశాను. అప్పటికి సారు పోయి రెండేళ్ళు.

2010లో ఒక పిల్ల వచ్చింది. పదమూడేళ్ళు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. స్కూల్లో కబడ్డీ ఆడేది. మొదటిసారి దింపగానే ఏం చేసిందో చెప్పక్కర్లేదు. వంగి, రెండు కాళ్ళూ చుట్టేసి, తోసేసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వాను కూడా, అచ్చం సారు నవ్వినట్టే.

చిక్కేమిటంటే, సరిగ్గా ఆ ఏడాదే అంతర్జాతీయ సమాఖ్య ఆ పట్టు మీద కత్తెర వేసింది. అందరూ వంగిపోయి కుస్తీలాగా కాళ్ళ కోసమే దేవుకుంటున్నారు, జూడో అంటే నిటారుగా నిలబడి ఆడాలి అని వాళ్ళ వాదన. చూసేవాళ్ళ వైపు నుంచి ఆలోచిస్తే అది నిజమే. టీవీలో నా ఆట వస్తే నేనే చూడను. మొదట, నేరుగా కాళ్ళకి పోకూడదు, ఇంకో పట్టు వేసి దాని కొనసాగింపుగా అయితే పోవచ్చు అన్నారు. సందు దొరికింది కదా అని నేను ఆ పిల్లకి ఆ సందులోంచే దూరడం నేర్పాను. పైన కాలరుతో ఊరించు, వాడు బరువు వెనక్కి వెయ్యగానే కిందికి దిగు. మూడేళ్ళు అదే నేర్పాను. 2013లో ఆ సందు కూడా మూసేశారు. అప్పటి రూలు ప్రకారం, నిలబడి ఆడేటప్పుడు నడుము కింద చెయ్యి వేస్తే చాలు, తిన్నగా హన్సోకుమాకె. ఆట నుంచే బయటికి.

నేను రూలు చదివాను. ఆ పిల్లకి చెప్పాను. బోర్డు మీద రాశాను. కానీ మూడేళ్ళు చేతికి నేర్పింది బోర్డు మీద తుడిస్తే పోతుందా?

ఆ ఏడాది చివర్లో ఒక జూనియర్ పోటీ. 48 కేజీలు. హజిమె, మొదలెట్టండి అన్నారు. అరనిమిషం కూడా కాలేదు. అవతలి పిల్ల సెయోనాగెకి, అంటే వీపు మీదికెత్తి పడేసే పట్టుకి, తిరగబోయి తడబడింది. మా పిల్ల చెయ్యి దానంతటదే కిందికి వెళ్ళి మోకాలు పట్టింది. మాతె, ఆగమన్నారు. రిఫరీ మిగతా ఇద్దరు జడ్జీల్నీ సంప్రదించి చూపుడు వేలు చాపాడు. మా పిల్ల రిఫరీని చూడలేదు. అవతలి పిల్లనీ చూడలేదు. కోచ్ కుర్చీలో ఉన్న నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో, "సార్, నేను సరిగ్గానే పట్టానుగా?" అన్నట్టుంది. వంగి నమస్కారం చేసి దిగి వచ్చింది. ఆ రాత్రి రైల్లో అది పై బెర్తు మీద, నేను కింద. తెల్లవార్లూ ఇద్దరం నిద్రపోలేదని ఇద్దరికీ తెలుసు.

41 ఏళ్ళ వయసులో ఉచిమాత నేర్చుకోవడం మొదలుపెట్టాను. నవ్వకండి. జిమ్ములో కడ్డీకి సైకిలు ట్యూబు కట్టి, దాన్ని లాగుతూ, పొద్దున్నే పిల్లలు రాకముందు. పటియాలా మిత్రుడికి ఫోను చేస్తే గంటసేపు ఓపిగ్గా చెప్పాడు, కాలు గురించి ఒక్క మాట లేదు, అంతా చేతుల గురించే. కోసెయ్ ఇనోవే వీడియోలు అరిగిపోయేదాకా చూశాను. సిడ్నీలో బంగారం గెలిచి, చనిపోయిన తల్లి ఫొటో పట్టుకుని పోడియం ఎక్కినవాడు. నాకు ఆయన ఇంకో కారణానికి ఇష్టం. ఏథెన్స్‌కి కెప్టెన్‌గా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. 2012 లండన్‌లో జపాను మగవాళ్ళకి ఒక్క బంగారమూ రాని పరిస్థితిలో కోచ్ కుర్చీ ఎక్కాడు. రియోలో ఏడు తరగతుల్లో ఏడు పతకాలు తెప్పించాడు. గెలుపు ఒక్కటే తెలిసినవాడికి అది సాధ్యమయ్యేది కాదని నా అనుమానం. నాబోటివాడికి అలాంటి అనుమానాలు ఉండటం సహజమే అనుకోండి.

నేను ఉచిమాత నేర్చుకుంటూ ఆ పిల్లకి నేర్పాను. ఒక్కోసారి అదే నాకు నేర్పింది. తర్వాత రెండుసార్లు జాతీయ పోటీలకి వెళ్ళింది, పతకం రాలేదు. ఇప్పుడు ఒక గురుకులంలో పీఈటీ. దాని దగ్గర నలభై మంది ఆడపిల్లలు జూడో ఆడుతున్నారు. వాళ్ళలో ఎక్కువమందికి మొదటి పట్టు ఉచిమాత.

ఈ మధ్యలో కోకా ఎప్పుడో పోయింది, యుకో 2017లో పోయి, అలిగి పుట్టింటికెళ్ళిన కోడలిలా 2025లో తిరిగొచ్చింది. రూళ్ళు రాసుకునే నోటుబుక్కు నాది ఇది ఆరోది.

ఈ దసరా సెలవుల్లో ఆ పిల్ల మా ఇంటికొచ్చింది, తన దగ్గరి నలుగురు పిల్లల్ని వెంటేసుకుని. ఆ జేబు చొక్కా చూపిస్తే పిల్లలు ఫొటోలు దిగారు. టీ తాగుతుండగా ఫోను తీసి, "సార్, ఇది చూశారా?" అంది. 2025 ఆల్ జపాన్ పోటీలు. జపానువాళ్ళు తమ దేశవాళీ పోటీ వరకు కాళ్ళు పట్టుకోవడాన్ని మళ్ళీ అనుమతించారు. నేను పేపర్లో చదవలేదు, ఎవరూ చెప్పలేదు. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మూడుసార్లు చూశాను. "మీ పట్టు వచ్చేసింది సార్" అంది.

"మన దాకా రాలేదుగా ఇంకా" అన్నాను.

"అయితే ఏం, షెడ్డుకి పోదాం పదండి."

మా ఆవిడ వద్దంటూనే ఉంది, మోకాలు సంగతి గుర్తు చేస్తూ. వెళ్ళాం. దాన్నే వెయ్యమన్నాను. ఎదురుగా నిలబడ్డాను, నిటారుగా, ఇనోవే చెప్పినట్టు. అది పైన కాలరు పట్టి ఒక్క లాగు లాగింది. నేను బరువు వెనక్కి వేశాను, వెయ్యాలని కాదు, అలా పడిపోయింది. అంతే, కింద రెండు మోకాళ్ళ వెనకా చేతులు పడ్డాయి. పన్నెండేళ్ళ తర్వాత కూడా పట్టు సడలలేదు. తల మాత్రం నా పొట్టకి ఎదురుగా పెట్టింది. "తల పక్కకి పెట్టవే, మెడ పడుతుంది" అని గాల్లో ఉండగానే అరిచాను.

ఫట్‌మని నా అరచెయ్యి మ్యాటుని కొట్టింది. లేచి చూద్దును కదా, ఆ నలుగురు పిల్లలూ చూపుడు వేళ్ళు చాపి వాళ్ళ టీచర్ వంక ఒక్కటే గోల:

"హన్సోకుమాకె! హన్సోకుమాకె మేడమ్! కాళ్ళు పట్టుకున్నారు!"